రెండో ఈల

బిష్కెక్,
మే నెలాఖరు.

మామయ్యకు,

మీరు మంద తోలుకుని అప్పుడే కొండెక్కేశారని అమ్మ చెప్పింది. అక్కడ ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరాన్ని పులిసిన గుర్రప్పాల కుమిస్ డబ్బాల లారీ తోలే జానార్‌బెక్ చేతిలో పెడుతున్నాను. దీంతోపాటు అత్తయ్యకి టీపొడి, మీ రేడియోకి బ్యాటరీలు పంపుతున్నాను. మీరు బ్యాటరీలు వేసుకున్నాకే ఉత్తరం విప్పుతారని తెలుసు. అయినా విప్పండి.

నాకు ఇంగ్లీషు కావాలి మామయ్యా. సెప్టెంబరు ఆఖరుకల్లా కావాలి.

అంతర్జాతీయ రిఫరీ బ్యాడ్జికి మా ఫుట్‌బాల్ సంఘంవాళ్లు ఈ ఏడాది నా పేరు పంపారు. పరుగు పరీక్షలో నెగ్గాను. ఆట నియమాల పరీక్షలో నెగ్గాను. ఇంగ్లీషు రాయడంలో కూడా గట్టెక్కాను. మాట్లాడటంలో పోయింది. సెప్టెంబరులో ఇంకొక్కసారి కూర్చోనిస్తామన్నారు. అదీ పోతే నా పేరు కొట్టేసి ఇంకొకమ్మాయి పేరు రాస్తారు. ఆ అమ్మాయెవరో నాకు తెలుసు. పరుగులో నా వెనక ఉంటుంది, ఇంగ్లీషులో నా ముందుంటుంది.

ఇక్కడ సాయంత్రం క్లాసులో చేరాను. హోటల్లో కాఫీ ఎలా అడగాలో, తప్పిపోయిన పెట్టె గురించి విమానాశ్రయంలో ఎవరికి చెప్పుకోవాలో నేర్పుతున్నారు. నాకు కాఫీ వద్దు. ఫ్రీకిక్ దగ్గర గోడ కట్టిన మగాళ్లని వెనక్కి జరపడం కావాలి.

మన ఊళ్లో మూడు తరాలకి ఇంగ్లీషు చెప్పింది మీరు. అది ఇంగ్లీషు కాదు, బంతాట రేడియో అని ఊరంతా వేళాకోళం చేసేవాళ్లు. పెళ్లి ఆలస్యమైతే ‘ఎక్స్‌ట్రా టైమ్’ అనడం మన ఊళ్లో తప్ప ఎక్కడా వినలేదు. ఇప్పుడు నాకు సరిగ్గా ఆ ఇంగ్లీషే కావలసి వచ్చింది. లారీ వచ్చినప్పుడల్లా ఒక పాఠం రాసి పంపండి. మీరు ఎంత తిట్టినా పడతాను.

మీ మేనకోడలు,
మీరిమ్


కారా-బెల్ మేతకొండ,
జూన్.

మీరిమ్ తల్లీ,

బ్యాటరీలే ముందు తీశాను. రేడియో పలికింది. అప్పుడే నీ ఉత్తరం విప్పాను. మేమిద్దరం, మంద, గుడారం అంతా బాగున్నాం. బాగాలేనిది మీ అత్తయ్య మోకాలొక్కటే, దానికి టీపొడి చూడగానే సగం నయమైంది.

నా క్లాసులో కిటికీ పక్కన కూర్చుని, ఎండు పెరుగు కురుత్ ఉండ బుగ్గన పెట్టుకుని, బయట బంతాడే మగపిల్లల్ని చూస్తూ కూర్చున్న పిల్లవి నువ్వు. ‘ఏమిటే చూస్తున్నావు’ అంటే, ‘వాడి చెయ్యి తగిలింది మాస్టారూ, ఎవరూ చూడలేదు’ అన్నావు. ఆ రోజే అనుకున్నాను, దీనికి చదువు రాదు, తీర్పు వస్తుందని.

నా ఇంగ్లీషు ఎలా వచ్చిందో చెబితే నీ దారి నీకు తెలుస్తుంది. మీసం మొలుస్తున్న రోజుల్లో, ఇదే కొండ మీద, శనివారం సాయంత్రం రేడియో తిప్పితే ఒక్క గొంతు తేటగా వినిపించేది. ఇంగ్లండులో ఎక్కడో ఆట. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కాని ఆ మనిషి గొంతు లేస్తే బంతి గోలు దగ్గరికొచ్చిందని తెలిసేది, గొంతు పడిపోతే పైనుంచి పోయిందని తెలిసేది. అలా ముందు గొంతు వచ్చింది, తర్వాత మాట వచ్చింది, వ్యాకరణం అన్నిటికన్నా వెనక కుంటుకుంటూ వచ్చింది. మీ క్లాసువాళ్లు దాన్ని ముందు నడిపిస్తున్నారు. అందుకే అందరూ కుంటుతున్నారు.

ఇక పాఠం. ‘గేమ్ ఆఫ్ టూ హావ్స్’ అంటారు వాళ్లు. ఆట రెండు సగాలు అని. ఈ సంగతి గొర్రెకి కూడా తెలుసు కదా అనుకోకు. మొదటి సగం చూసి తీర్పు చెప్పకు అని దాని అర్థం. నీకు పోయింది మొదటి సగం.

రెండోది ‘లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్’. చదును మైదానం, అంటే అందరికీ సమానమైన అవకాశం. ఇది చదును నేల మీద పుట్టినవాళ్ల మాట. మన కొండ మీద చదునెక్కడుంది? ఒక జట్టు ముందు పల్లానికి ఆడుతుంది, తర్వాత ఎగువకి ఆడుతుంది. మనకి సమానమంటే వాలు ఇద్దరి వంతుకీ రావడం. వాళ్ల మాటకన్నా ఇదే నిజమని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మూడోది ‘మూవ్ ద గోల్‌పోస్ట్స్’. ఆట మధ్యలో గోలు స్తంభాలు జరిపేయడం. ఒప్పుకున్న మాటని మధ్యలో మార్చేసేవాణ్ణి ఇలా తిడతారు. దీన్ని మన పిల్లలకి చెప్పలేక నేను పడ్డ పాట్లు నీకు గుర్తుండే ఉంటాయి. ఇంత ఎత్తున చెట్టు మొలవదు, గుంజ దొరకదు. మన స్తంభాలు గుర్రాలాయె. గోలుకి రెండేసి ముసలి గుర్రాలని పొట్టి పలుపుతో మేకులకి కట్టేస్తాం. అది పక్క గడ్డికి మెడ చాచిందంటే స్తంభం జరిగినట్టే. ‘మాస్టారూ, ఇందులో తిట్టేముంది, దానికి ఆకలేసింది’ అనేవాళ్లు.

ఇప్పుడు నా ప్రశ్న. మాట్లాడటంలో పోయింది అని రాశావు. ఏం మాట్లాడితే పోయిందో రాయలేదు. ముసుగులో గుద్దులాట నాకు చేతకాదు. రాయి.

మామయ్య


బిష్కెక్,
జూన్ ఆఖరు.

మామయ్యకు,

మీ పాఠం మూడుసార్లు చదివాను, పరిగెడుతూ పైకి అనుకున్నాను. క్లాసులో ‘గేమ్ ఆఫ్ టూ హావ్స్’ అంటే పంతులమ్మ ఆశ్చర్యపోయి, ఇది ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగింది. గుడారంలో అని చెప్పాను.

మీరడిగింది రాస్తాను. నవ్వనని ముందు మాటివ్వండి.

పరీక్షలో ఒక వీడియో వేశారు. నలభై దాటిన ఆటగాడు, జుట్టు నెరుస్తోంది, రిఫరీ మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు. అక్కడ ఆపి, ‘ఇప్పుడు నువ్వే రిఫరీవి. ఇతనికి ఏం చెబుతావు?’ అని అడిగింది పరీక్షకురాలు. బయటి దేశం నుంచి వచ్చిన పెద్దావిడ. నాకు చెప్పాల్సిన మాటలన్నీ వచ్చు మామయ్యా, రాసుకుని బట్టీపట్టాను. కాని ఆ నెరిసిన జుట్టు చూశాక నా నోరు దానంతటదే, ‘ఎల్డర్ బ్రదర్, ప్లీజ్, కొంచెం వెనక్కి వెళ్లండి, థాంక్యూ’ అనేసింది. కళ్లు కూడా దించుకున్నానట.

‘ఇతను మీ అన్నయ్యా?’ అని అడిగింది ఆవిడ.

‘కాదండీ. కాని నాకన్నా పెద్దవాడు’ అన్నాను.

ఆవిడ చేతిలో కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కాగితం మీదే తర్వాత రాసింది. ‘భాష చాలు. అధికారం లేదు.’

ఇక్కడి లీగులోనూ నా సంగతి ఇంతే. పసుపు కార్డు చూపిస్తాను, చూపిస్తూనే ‘అన్నా, ఏమనుకోకండి’ అంటాను. ఆటగాళ్లు నాకు ‘ఏమనుకోకండి’ అని పేరు పెట్టారు. ‘ఒరేయ్, ఇవాళ ఏమనుకోకండి వచ్చింది, కాస్త గట్టిగా తోసినా పరవాలేదు’ అని నాకు వినబడేలాగే అనుకుంటారు.

అమ్మతో చెబితే, ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే. ఓ బిళ్ల కోసం పెద్దల మీద నోరు పారేసుకుంటావా?’ అంది. నాకు ఎవరి మీదా నోరు పారేసుకోవాలని లేదు. కాని ఆ బిళ్ల కావాలి. పొద్దున్న పరిగెత్తేటప్పుడు చొక్కా జేబు మీద, అది కుట్టే చోట, చెయ్యి వేసుకుంటాను. ఎవరైనా చూస్తే గుండెనొప్పి అనుకుంటారు.

మర్యాద వదలకుండా మనిషిని బయటికి పంపే ఇంగ్లీషు మాట ఏదైనా మీ రేడియోలో ఉంటే చెప్పండి.

మీరిమ్


కారా-బెల్,
జూలై.

మీరిమ్ తల్లీ,

నవ్వాను. మాటివ్వకముందే చదివేశాను కాబట్టి మాట తప్పినట్టు కాదు. మీ అత్తయ్య గరిటెతో వీపు మీద ఒకటిచ్చి, ‘పిల్ల అక్కడ కుమిలిపోతుంటే ఇక్కడ ఇకిలిస్తావా’ అంది. అప్పుడు ఆపాను.

తర్వాత రెండు రోజులు మంద వెనక తిరుగుతూ ఇదే ఆలోచించాను. ఇంగ్లీషులో నువ్వూ లేదు, మీరూ లేదు. రాజుగారికీ ‘యూ’నే, గొర్రెపిల్లకీ ‘యూ’నే. నువ్వు మన మర్యాదనంతా మూటగట్టుకుని ఆ భాషలోకి మోసుకెళ్తున్నావు. అక్కడ దాన్ని దించుకోవడానికి చోటులేదు. నువ్వడిగిన మాట నా రేడియోలో లేదు తల్లీ. వాళ్లు పొమ్మనాలంటే పొమ్మంటారు, ఆట అయ్యాక చెయ్యి కలుపుతారు. మర్యాదంతా ఆ చెయ్యి కలపడంలో పెట్టుకున్నారు.

ఇది కాగితం మీద వచ్చే విద్య కాదు. అందుకని ఒక పని చేశాను. కోప్పడకు.

ఆగస్టులో మన పైమేతకీ దిగువమేతకీ ఆట ఉంది కదా. నీకు పాలపళ్లు ఊడిన ఏడాది నుంచి మనం ఓడుతూనే ఉన్నాం. గుర్రం మీద కూర్చుని ఆ ఆట నడిపించే కెరిమ్‌కుల్ తాతకి ఇప్పుడు బంతి కనబడటం లేదు. మొన్న పెద్దలంతా కుమిస్‌కి చేరినప్పుడు, రిఫరీగా నిన్ను పిలుద్దామన్నాను.

‘ఆడపిల్లనా?’ అన్నాడు దిగువమేత సుయుంబాయ్. ‘నా భుజాలెక్కి తిరిగిన పిల్ల రేపు నన్నే పొమ్మంటే, నా తల ఎక్కడ పెట్టుకోమంటావు మాస్టారూ?’

‘మన భాషలో ఒక్క ముక్క మాట్లాడదు. అంతా ఇంగ్లీషే. ఆ భాషలో పెద్దా లేదు, చిన్నా లేదు’ అన్నాను.

కెరిమ్‌కుల్ తాత గిన్నెలో కుమిస్ అయ్యేదాకా ఆలోచించాడు. ‘అయితే ఇంగ్లీషులో పొమ్మంటే మనకి తగలదన్నమాట’ అన్నాడు.

‘తగలదు.’

‘అర్థం కూడా కాదుగా?’

‘చెయ్యి చూపిస్తుంది తాతా.’

‘మరి గొడవేముంది, రానీ. గాలి కూడా రోజూ మనల్ని తోస్తూనే ఉంది, దాన్ని ఎవరైనా తిడుతున్నారా?’ అన్నాడు. సుయుంబాయ్ మూతి ముడిచాడు గాని కాదనలేదు.

కాబట్టి రా. ‘ప్లీజ్’ ఇంట్లో పెట్టిరా. చిన్న మాటలు చాలు. ఆగు, వెనక్కి, చాలు, పో. మాట అనేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడు, అన్నాక కూడా చూడు. మన జట్టుకి కోచ్‌ని నేను. మాటిమాటికీ నా వైపు చూడకు.

మామయ్య


బిష్కెక్,
జూలై ఆఖరు.

మామయ్యకు,

కోపం వచ్చింది. ఆ కోపంలోనే అద్దం ముందు నిలబడి ‘గో’ అన్నాను. బాగానే వచ్చింది. పక్కింటావిడ తలుపు కొట్టి, ఎవరిని పొమ్మంటున్నావమ్మా అని అడిగింది.

సుయుంబాయ్ పెదనాన్న నన్ను భుజాల మీద పెట్టుకుని వాగు దాటించిన మనిషి. ఆయన మీద కార్డు ఎత్తాల్సి వస్తే చెయ్యి లేస్తుందో లేదో తెలియదు. లేవకపోతే సెప్టెంబరులో కూడా లేవదు. అందుకే వస్తున్నాను.

మీరిమ్


బిష్కెక్,
ఆగస్టు మూడో వారం.

పైమేత జట్టు కోచ్ అసనాలీ గారికి,

ఆట నుంచి ఎవరినైనా బయటికి పంపితే రిఫరీ అందుకు కారణాన్ని రాసి పంపాలి. ఆ నియమం ప్రకారం ఇది రాయడమైనది.

మొదటి సగంలో పైమేత జట్టు ఒక గోలు చేసింది. అదే సగంలో దిగువమేత ఆటగాడు సుయుంబాయ్ మోచేత్తో పొడిచినప్పుడు, రిఫరీ ఆయన్ని హెచ్చరిస్తూ ‘పెదనాన్నా’ అని పిలిచిందని, జనం పడీపడీ నవ్వారని రిఫరీ ఒప్పుకుంటోంది. రెండో సగంలో దిగువమేత ఒక గోలు చేసి సమానమైంది. ఈ సగంలో రిఫరీ ఎవరినీ వరస పెట్టి పిలవలేదు.

ఆట ముగియబోతుండగా దిగువమేత ఆటగాడు కొట్టిన బంతి, ఎడమ స్తంభంగా కట్టిన మీ బూడిదరంగు ఆడగుర్రం పక్కనుంచి, పైమేత గోల్లోకి దొర్లుతోంది. గోలీ కింద పడి ఉన్నాడు. అప్పుడొక ఈల వినిపించింది. అది రిఫరీ ఈల కాదు. అది విని గుర్రం రెండడుగులు లోపలికి వేసింది. బంతి దాని కాలికి తగిలి వెనక్కి వచ్చింది. గుర్రం స్తంభమే కాబట్టి గోలు కాదని పైమేత జనం అరిచారు.

గుర్రం తప్పేమీ లేదు. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి మీ ఈలకే వస్తుంది. మైదానంలో ఈల ఒకటే ఉండాలి. రిఫరీ గీత దగ్గరికి నడిచి వచ్చి, మీకు ఎర్ర కార్డు చూపించి, ‘యూ. అవుట్. నౌ’ అంది. మీరు మన భాషలో ‘ఏమిటే?’ అన్నారు. రిఫరీ అదే మాట మళ్లీ అంది. మీరు వెళ్లారు. ఆట జరుగుతుండగా కోచ్ అడ్డుపడినందుకు రిఫరీ దిగువమేతకి పెనాల్టీ ఇచ్చింది. దిగువమేత రెండు ఒకటితో గెలిచింది.

మీకు ఒక ఆట నిషేధం.

మీరిమ్, రిఫరీ

మామయ్యా, ఇక్కడి నుంచి రాస్తున్నది రిఫరీ కాదు. మీరు టోపీ చేతిలో పట్టుకుని వాగు దాటి వెళ్తుంటే చూస్తూనే పెనాల్టీకి ఈల ఊదాను. అందరూ చెయ్యి కలిపారు, సుయుంబాయ్ పెదనాన్న కూడా. మీరు కనబడలేదు. అత్తయ్య వండిన అన్నం మీ గుడారంలో తినకుండానే లారీ ఎక్కేశాను. నా మీద కోపంగా ఉందా? కార్డు మాత్రం వెనక్కి తీసుకోను.


కారా-బెల్,
ఆగస్టు ఆఖరు.

మీరిమ్ తల్లీ,

కోపమా? నీ మీదా? పొరబడ్డావు.

ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ‘మేనకోడలికి ధైర్యం రావాలని మాస్టారు కావాలనే గుర్రాన్ని పిలిచాడు, తన పరువు తీసి దాని చేతిలో పెట్టాడు’ అంటున్నారు. ఆ రోజు విందులో కెరిమ్‌కుల్ తాత, విందులో గౌరవమున్నవాడికి పెట్టే గొర్రె తలని నా ముందు పెట్టి, ‘గురువంటే వీడురా’ అన్నాడు. నేను ఏమీ అనలేదు. పెద్దల మాటకి అడ్డు చెప్పకూడదు కదా.

నువ్వు చెప్పిన మూడు మాటలూ బాగున్నాయి. ‘నౌ’ ఇంకొంచెం పొట్టిగా అను.

ఒక మనవి. అక్టోబరులో కింద ఊరి స్కూలు మైదానంలో కోతలయ్యాక ఆడే పంట ఆట ఉంది. జట్టుకి కోచ్ లేకపోతే ఎలా? ఆ నిషేధం ఎలాగూ పాఠం కోసమే కాబట్టి, పాఠం అయిపోయింది కాబట్టి, ఒక ముక్క రాసి తీసేయ్.

మామయ్య


బిష్కెక్,
సెప్టెంబరు.

మామయ్యకు,

మీ ఉత్తరం చదివాను. అమ్మకి కూడా ఇదే కబురొచ్చింది. ‘నీ కోసం ఎంత చేశాడే నా తమ్ముడు’ అని కళ్లు తుడుచుకుంది.

అయితే అదంతా నాటకమా? నేను పంపింది తప్పు చేసినవాణ్ణి కాదన్నమాట. నన్ను గెలిపించడానికి తలవంచిన మామయ్యని. ఆ రోజు నుంచి ఆ మూడు మాటల్నీ దాచుకుని తిరిగాను. మొన్న ఇక్కడి ఆటలో ‘ఏమనుకోకండి’ అనకుండా ఒకణ్ణి బయటికి పంపాను. వాడు నోరు తెరిచి నిలబడిపోయాడు. మీ మీద ఎత్తిన చెయ్యే కదా, వాడి మీద ఎత్తలేనా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ చెయ్యిని కూడా మీరే పట్టుకుని ఎత్తారు.

చిన్నపిల్ల బంతి తంతే గోలీ కావాలని పడిపోయి పిల్లని ఎత్తుకు తిప్పుతాడు. నన్ను అలా తిప్పారు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

పరీక్ష దగ్గరికొచ్చింది. వెళ్తాను. మానేసేదాన్ని కాదు. కాని ఆ వీడియో మళ్లీ వేస్తే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకు తెలియదు. నిషేధం తీసేయమన్నారు. నాటకానికి నిషేధమేమిటి, తీసేస్తాను.

మీరిమ్


కింద ఊరు,
సెప్టెంబరు ఇరవై దాటాక.

మీరిమ్,

మంద దించాం. ఇక్కడ ఫోను పలుకుతుంది. చెయ్యొచ్చు. చేస్తే నేను మధ్యలో దగ్గొచ్చినట్టు నటించి మాట దాటేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను. లారీలో కాదు, బస్సు డ్రైవరు చేతికిచ్చి, నీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.

నిషేధం తీయకు.

నాటకం కాదు. గెలవాలనుకున్నాను. ఇన్నేళ్లుగా ప్రతి వేసవీ దిగువమేతవాళ్లు మన గుడారాల ముందు గెలుపు పాట పాడుకుంటూ పోతుంటే చూస్తున్నాను. ఈ ఏడు గెలుస్తామనిపించింది. ఆ బంతి దొర్లుతున్నప్పుడు నాకు నీ పరీక్ష గుర్తులేదు, నువ్వూ గుర్తులేవు. ఈల వేశాను. నోటికి అనుకోకుండా వచ్చిందని చెప్పుకోవచ్చు. కాని రెండో సగంలో మన వంతుకొచ్చే గోలుకి ఆ గుర్రాన్నే కట్టమని పొద్దున్న చెప్పింది నేనే. దేనికి చెప్పానో పొద్దున్నే నాకు తెలుసు.

నువ్వు నా వైపు నడిచి వస్తుంటే భయపడలేదు. నా మేనకోడలు, నా దగ్గర చదువుకున్న పిల్ల, చూసీచూడనట్టు పోతుందిలే అనుకున్నాను. నువ్వు మొదటిసారి అన్నప్పుడు అర్థం కానట్టు ‘ఏమిటే’ అన్నది అందుకే. నాకు ఇంగ్లీషు రాకనా? రెండోసారి అన్నప్పుడు నీ కళ్లు చూశాను. అందులో నాకు ఏ వరసా కనబడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నది అవమానంతో తల్లీ, చెమట పట్టింది. వాగు అవతల కూర్చుని నిన్ను తిట్టాను కూడా.

తర్వాత విందులో వాళ్లంతట వాళ్లే ఆ కథ అల్లి నా ముందు గొర్రె తల పెట్టారు. గురువు తినాల్సిన ముక్క. కాదు అనడానికి నోరు తెరిచాను, ఆ నోటితో తినేశాను. ఇంగ్లీషులో దీన్ని ‘ఓన్ గోల్’ అంటారు. తన గోల్లో తనే కొట్టుకోవడం. ఆట రోజు ఒకటి కొట్టుకున్నాను, విందులో రెండోది. మనవాళ్లు చెప్పినట్టు తను తీసిన గోతిలో తనే పడటం.

నీ చెయ్యి ఎవరూ పట్టుకుని ఎత్తలేదు. నువ్వు పంపింది నిజం దొంగనే. నేను నటించి ఉంటే నీ కార్డు కూడా నటనయ్యేది. నేను నటించలేదు.

రేపు పెద్దల దగ్గరికెళ్లి ఈ మాటే చెబుతాను. గొర్రె తల ఎలాగూ తిరిగి ఇవ్వలేను.

అసనాలీ


బిష్కెక్,
అక్టోబరు.

మామయ్యకు,

మీ ఉత్తరం పరీక్షకి ముందురోజు చేరింది. బస్టాండులోనే నిలబడి చదివాను. చదివి నవ్వాను, కాసేపటికి ఏడ్చాను. డ్రైవరు, ‘ఎవరైనా పోయారామ్మా?’ అని అడిగాడు. లేదు, ఒకాయన దొరికాడు అన్నాను.

పరీక్షకురాలు పోయినసారి ఆవిడే. వీడియో మాత్రం వేరే. ఈసారి ముసలి కోచ్. తెల్ల మీసం, గీత దాటి మైదానంలోకి వచ్చేసి టోపీ నేలకేసి కొడుతున్నాడు. ‘ఏం చెబుతావు?’ అంది ఆవిడ.

‘కోచ్. స్టాప్. యూ. అవుట్. నౌ’ అన్నాను. మీరు చెప్పినట్టు ‘నౌ’ పొట్టిగానే అన్నాను. అన్నాక కూడా ఆ బొమ్మ కళ్లలోకే చూశాను.

ఆవిడ నా కాగితాలు తిరగేసింది. పోయినసారి సంగతి అందులో రాసుకుంది కాబోలు. ‘ఈయన నీకన్నా చాలా పెద్దవాడు కదా. ఇబ్బందిగా లేదా?’ అంది.

‘మా మేనమామని పంపాను. ఈయనెంత?’ అన్నాను, ఇంగ్లీషులోనే.

అదేమిటో చెప్పమంది. చెప్పాను మామయ్యా, నాకిచ్చిన సమయమంతా అదే చెప్పాను. చెట్లు లేని కొండ, స్తంభాలుగా నిలబడ్డ గుర్రాలు, రెండో ఈల, గొర్రె తల. ఎక్కడా తడబడలేదు. మీ ‘ఓన్ గోల్’ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పగలబడి నవ్వింది. ఈసారి నోటికి కాగితం అడ్డం పెట్టుకోలేదు.

నిన్న ఫలితం వచ్చింది. నా పేరు ఉంది. కొత్త సంవత్సరం నుంచి బ్యాడ్జి. అమ్మ దాన్ని కుట్టడానికి దారం ఇప్పుడే కొనేసింది. నీలమా నలుపా అని రెండు రంగులూ తెచ్చింది.

ఇక రెండో సంగతి. మీరు పంపిన ఉత్తరాన్ని రిఫరీ ఒప్పుకోలుగా తీసుకుంటోంది. గుర్రాన్ని అక్కడ కట్టించడం ముందుగా అనుకుని చేసిన పని అని తేలింది. కాబట్టి నిషేధం ఒక ఆట నుంచి రెండు ఆటలకి పెంచడమైనది.

మిమ్మల్ని చూసి ఇంత గర్వపడటం నాకిదే మొదటిసారి. పరీక్ష నెగ్గినందుకు కూడా ఇంత పడలేదు. ఆట రోజు చెయ్యి కలపలేదు కదా, వచ్చే వారం ఊరొస్తున్నాను. కలపండి.

మీరిమ్


కింద ఊరు,
అక్టోబరు, పంట ఆట అయిన రోజు.

అంతర్జాతీయ రిఫరీ మీరిమ్ గారికి,

‘గారు’ నేను మర్యాదకే రాశాను. అలవాటు చేసుకో.

పెద్దల దగ్గర చెప్పేశాను. సుయుంబాయ్ ముందు నవ్వాడు, తర్వాత ఆపలేకపోయాడు. కెరిమ్‌కుల్ తాత మాత్రం నవ్వలేదు. ‘నా చేత్తో పెట్టాను కదరా’ అన్నాడు. ఆ ఒక్క మాట ఇంకా తగులుతూనే ఉంది. మన భాషలో అన్నాడు మరి.

ఇవాళ ఆట జరిగింది. జట్టు నేను లేకుండానే ఆడింది. నేను కాలవ అవతల, నీ నిషేధం దాటకుండా, ఆ బూడిదరంగు గుర్రం పక్కన జీను కింద పరుచుకుని కూర్చున్నాను. ఈల ఊదింది పొరుగూరి పిల్ల ఒకతె. నీ కథ విని వచ్చిందట, గొంతు ఇంకా సన్నం. ఆట మధ్యలో మావాడికి అన్యాయం జరిగిందనిపించి లేచి నిలబడ్డాను. ఆ పిల్ల నా వైపు ఒక్క చూపు చూసింది. నేను కళ్లు దించుకుని కూర్చున్నాను.

మనం ఒక గోలు తేడాతో ఓడుతుండగా బంతి మన గోలు వైపు దొర్లింది. గుర్రం చెవులు నిక్కబొడుచుకుని నా మొహంలోకి చూసింది. నేను ఈల వేయలేదు.

మామయ్య